నాయనమ్మ ఎడమ భుజం

నా చిన్నప్పుడు మా నాయనమ్మ ఎడమ భుజం మీద కొంగు నిలిచేది కాదు. బట్ట తగిలితే చాలు, నిప్పు పడ్డట్టు ఉలిక్కిపడి లాగేసుకునేది. అంతకుముందు ఏడాది ఆ భుజం మీద నీటి పొక్కులతో సర్పి లేచింది. ఎర్రని జాజుమన్ను పూశారు, పుండ్లు మానాయి, మచ్చలు కూడా వెలిసిపోయాయి. నొప్పి మాత్రం పోలేదు. ఈగ వాలినా కేక పెట్టేది. నేను మెడ చుట్టూ చేతులు వేయబోతే గోడకు నక్కేది. నన్ను చూసి భయపడే నాయనమ్మను చూస్తే నాకూ భయం వేసేది.

అప్పటి పుప్పాలగూడ బండల మధ్య చిన్న ఊరు. పట్నం దవాఖానకు పోవాలంటే ఎడ్లబండే దిక్కు, దారి పొడవునా రజాకార్ల భయం. పోయినా ఏమని చూపిస్తాం? "తోలు నున్నగున్నది, ఇంక నొచ్చుడేంది? ఇది దయ్యం పనే," అన్నాడు మా పెద్దనాయన. తల్లి మీద ప్రేమ లేక కాదు, ఆ కేకలు వినలేక అన్నాడు. ఓ ఆదివారం మంత్రగాణ్ణి పిలుచుకొచ్చాడు.

అతను వేపమండల కట్ట తెచ్చాడు. ఒంటి మీద కొడితేనే దయ్యం దిగుతుందట. ఈగ వాలితేనే అల్లాడే భుజం అది! నాయనమ్మ ఏడవను కూడా లేదు. మూలకు ఒదిగి మండల వైపే చూసింది. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

మండ లేచేలోగా మా తాత పూనకం వచ్చినట్టు ఊగిపోయాడు. మంత్రాలంటే మొహం చిట్లించే మనిషి తలరుమాలు విసిరేసి వాకిట్లో పడి దొర్లాడు. "దాన్నిడిసి వీని మీదికొచ్చిన! కొట్టుండ్రి!" అని అరిచాడు. మంత్రగాడు కొట్టాడు. వీపంతా దద్దులు తేలేదాకా కొట్టాడు. తాత చూపు మాత్రం నాయనమ్మ మీదే ఉంది. దయ్యమేదీ లేదని నాకు అప్పుడే తెలిసిపోయింది. దయ్యం ఉంటేనే నయమనిపించింది, దెబ్బలకు అదీ నొప్పీ కలిసి పోయేవి. చివరకు తాత, "పోతున్న. గని ముసల్దాని ఎడమ భుజం ఎవ్వలన్న ముట్టుకుంటె వాళ్లను పట్టుకుంట," అని కూలబడ్డాడు.

ఆ తర్వాత ఎవరూ ఆమె భుజం జోలికి పోలేదు. కొంగు సర్దుకోమని సతాయించలేదు. నొప్పి తగ్గలేదు, మూలుగూ ఆగలేదు. కొట్టే మాట మాత్రం మళ్లీ రాలేదు. "మస్తు నొచ్చిందా తాతా?" అని ఒకనాడు చాటుగా అడిగాను. "నాయి మానుతయి బిడ్డా," అన్నాడు.

కొన్నేళ్లకు ఆమె పోయింది. స్నానం చేయిస్తున్న ఆడవాళ్లు భుజం దగ్గర ఆగిపోయారు. దయ్యం మాట ఇంకా ఎవరూ మరిచిపోలేదు. తాత వచ్చి కూర్చుని, అరచేయంతా ఆ భుజానికి ఆనించాడు. చాలాసేపు తీయలేదు. "ఇగ నొయ్యదు," అన్నాడు, ఎవరితోనో మరి.

ఆ బండలు పగలగొట్టి కట్టిన అపార్ట్‌మెంట్లోనే ఇప్పుడు మా కాపురం. ఎవరైనా నొప్పి అంటే పుండెక్కడని అడగను. మనవరాలు ఒళ్లో తల పెట్టుకున్నా, నిమరబోయిన నా చేయి గాలిలో ఓ క్షణం ఆగుతుంది. "ఎందుకాగుతవ్ నానమ్మా?" అని అది నవ్వుతుంది. నొస్తుందేమో అడిగి, అప్పుడు చేయి వేస్తాను.