మోకుకు తొడిగిన అంగీ

ఆ మధ్యాహ్నం సీరియస్ కేసుల గదిలో ఉన్నవి: ఇనుప మంచాలు నాలుగు, వాటిలో మూడు ఖాళీ. ఆక్సిజన్ సిలిండరు ఒకటి. గాజు సెలైన్ బాటిళ్ళు రెండు, ఒకటి కారుతూ, ఒకటి కిటికీ గూట్లో. కట్టుగుడ్డ చుట్టలు ఆరు. ఉన్నవాళ్ళు: రోగి, అతని భార్య, పెద్ద నర్సమ్మ, నేను.

ఇంటెన్సివ్ కేర్ అనే మాట అరవైల మొదట్లో మా అనంతపురానికి ఇంకా రాలేదు. చావుబతుకుల్లో ఉన్నవాళ్ళను నర్సుల బల్లకు దగ్గరి గదిలో పెట్టేవాళ్ళం, అంతే. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. మద్రాసులో మూడేళ్ళు నర్సింగ్ చదివి, మగ నర్సుగా వచ్చాను. కంటబడిందల్లా జాబితాగా రాయడం అక్కడే అలవాటైంది.

రోగి గార్లదిన్నె పక్క పల్లె రైతు. టైఫాయిడ్ ముదిరి పేగుకు చిల్లి పడితే, ముందురోజు కడుపు కోసి కుట్టారు. ముక్కులో గొట్టం, ఎడమ చేతి నరంలో సూది. జ్వరంలో ఒళ్ళు తెలియడం లేదు. పొద్దుటినుంచి రెండుసార్లు సూది పీకేశాడు. ఈ మూడోది కూడా పోతే ఇంకో నరం దొరకదనీ, సాయంత్రం దాకా సెలైన్ ఎక్కకపోతే మనిషి దక్కడనీ డాక్టరుగారు చెప్పి, ఇంకో ఆపరేషన్‌కు వెళ్ళారు. చేతులు కట్టాలా వద్దా అన్నది మాకే వదిలారు.

పెద్ద నర్సమ్మకు ఇరవై ఏళ్ళ సర్వీసు. ఆమెకు సందేహం లేదు. "కట్టప్పా. చేతులు నొప్పి పుట్టి ఎవరూ చావలేదు" అంది.

కట్టాను. బాగా కట్టాను. మణికట్టుకు దూది, దానిమీద గుడ్డ, గుడ్డకూ చర్మానికీ మధ్య రెండు వేళ్ళు దూరేంత సందు, ముడి రోగికి అందని చోట మంచం పట్టీకి. పావుగంటకోసారి నాడి చూసి రాశాను. కట్టకముందు నూట పన్నెండు. కట్టాక నూట ఇరవై నాలుగు, నూట ముప్పై, నూట ముప్పై ఆరు. అతను తల ఎత్తి, నడుము లేపి గుంజుతున్నాడు. మూడు గంటలకు కడుపు కట్టు మీద చింతగింజంత ఎర్ర మరక కనబడింది.

సూది భద్రంగానే ఉంది. దాన్ని కాపాడబోయి కుట్లు తెంపుతున్నానని నా కాగితమే చెబుతోంది.

మంచం కాళ్ళ వైపు నేలమీద కూర్చున్న అతని భార్య నా కాగితం వైపు మెడ చాచింది. ఏం రాస్తున్నావని అడిగింది. నాడి పెరుగుతోందని చెప్పాను. ఎందుకు గుంజుతున్నాడో తెలియడం లేదని కూడా, చెప్పకూడదేమో గానీ, చెప్పేశాను.

"ఆయన ఈడ లేడు నాయనా. బావికాడ కపిల తోలతాండాడు. చేతికి మోకు దొరకలే. అందుకే ఎదుకులాడతాండాడు."

కపిల అంటే మా సీమవాళ్ళకు చెప్పనక్కరలేదు. ఎద్దులు ఏటవాలు బాటలో దిగితే మోకు, అంటే లావాటి తాడు, బిగిసి తోలుబాన నీళ్ళతో పైకొస్తుంది. అవి వెనక్కి నడిస్తే బాన బావిలోకి దిగుతుంది. అతని చేతులు చూశాను. వేళ్ళు ముడుచుకుంటున్నాయి, తెరుచుకుంటున్నాయి. రెండుసార్లూ 'సూది పీకాడు' అని రాశాను. తప్పు. సూది సంగతి అతనికి తెలియదు. చేతికి తగిలిన పొడుగాటి వస్తువు సెలైన్ గొట్టం, దాన్ని పట్టుకున్నాడు.

మోకు ఇస్తే బలంగా లాగి కుట్లు తెంపుకుంటాడేమో అన్నాను.

"లాగేది ఎద్దులప్పా. ఆయన మోకుమీద కూచోని పట్టుకోనుంటాడు, అంతే."

పెద్ద నర్సమ్మ ఒప్పుకోలేదు. సూది పోతే డాక్టరుకు నువ్వే చెప్పుకోమంది. సరేనని కాగితం మీద 'కట్లు విప్పినది నేను' అని రాసి సంతకం పెట్టాను.

వాళ్ళు వచ్చిన బండి బయటే ఉంది. రైతు భార్య పోయి దాని మోకులో మూరెడు ముక్క కోసుకొచ్చింది. దాన్ని లోషన్ నీళ్ళలో కడిగి, ఉడకబెట్టిన గుడ్డ చుట్టి, ముందు కుడిచేయి విప్పి అందులో పెట్టాను. తడిమి వదిలేశాడు. మళ్ళీ పెట్టాను. మళ్ళీ వదిలేశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మోకుకు అంగీ తొడిగితే యెట్ల గుర్తుపడతాడు నాయనా?"

పెద్ద నర్సమ్మ కూడా నవ్వింది. నడుమ జానెడు మేర గుడ్డ విప్పాను. పీచు తగలగానే వేళ్ళు మూసుకున్నాయి. తల దిండు మీద వాలింది.

పావుగంట చూసి ఎడమచేయి కూడా విప్పాను. సూది కదలకుండా ఆ చేతికి కట్టిన చెక్క మాత్రం ఉంచాను. రెండు చేతులతో మోకును రొమ్ము మీద పట్టుకుని, అప్పుడప్పుడు "హో" అని ఎద్దులను అదిలించాడు. నూట ఇరవై ఎనిమిది. నూట ఇరవై. నూట పద్నాలుగు. నాలుగున్నరకు మొదటి బాటిల్ అయిపోయింది. రెండోది తగిలించాను. మరక పెరగలేదు.

ఐదింటికి డాక్టరుగారు వచ్చి, పక్కమీద ఈ తాడేమిటన్నారు. కాగితం ఇచ్చాను. చదివి, చేయి పట్టుకుని తానే నాడి లెక్కపెట్టారు. నూట ఎనిమిది. తర్వాత ఆమె వైపు తిరిగి, "మీ ఆయన చేతులకు ఇంకేం పని అలవాటమ్మా?" అని అడిగారు. మద్రాసులో సర్టిఫికెట్ అందుకున్న రోజు కూడా నేను అంత పొంగిపోలేదు.

మర్నాడు ఆ గది గోడకు ఒక కాగితం అంటించాను. కట్టేముందు చూడవలసినవి: మూత్రసంచి నిండిందా, దాహమా, నొప్పా, చేతులకు అలవాటైన పని ఏమిటో ఇంటివాళ్ళను అడిగామా. కింద ఖాళీ చోట పెద్ద నర్సమ్మ తన చేతిరాతతో, కట్టినా పావుగంటకోసారి విప్పి చూడాలి అని చేర్చింది. తర్వాత తలకు దెబ్బ తగిలిన ఒకతన్ని కట్టక తప్పలేదు. అతనికి ఏది ఇచ్చినా పనిచేయలేదు. కానీ ఆ గదిలో మొదటి మాటగా "కట్టప్పా" అని ఆమె మళ్ళీ అనలేదు.

పదో రోజు కుట్లు విప్పాం. రైతుకు పూర్తిగా తెలివి వచ్చింది. తన బండి మోకును ఎవరు కోసినారని అతనికి కోపం.

"నువ్వు కపిల తోలింది ఈడనే," అంది భార్య, సెలైన్ బాటిల్ చూపించి. "నీళ్ళు మాత్రం నీ ఒంట్లోకే పారినాయి."

అతను నవ్వబోయి, కడుపు పట్టుకుని ఆగాడు. పెద్ద నర్సమ్మ కుట్లు ఒక్కొక్కటే కత్తిరించి పళ్ళెంలో వేసింది. నేను లెక్కపెట్టి రాసుకున్నాను. వేసినవి పదకొండు. తెగకుండా నిలిచినవి పదకొండు.