ఆదివారం విప్పినది, సోమవారం బిగించినది

గుమాస్తాగారికి వారమంతా కలం, ఆదివారం పానా. పానా దొరికిన గుమాస్తా కంటే కొబ్బరికాయ దొరికిన కోతి నయం. పగిలిన కాయను మళ్లీ అతికించానని అది చెప్పుకోదు. ఆయన పెరటి షెడ్డులో పాత స్కూటరు విప్పి, సాయంత్రానికి ఎలాగో బిగించి, "రేపు దీనికి విశ్రాంతి" అని సోమవారం బస్సెక్కేవారు. ఆయన వీధి మలుపు తిరగ్గానే ఇల్లాలు మెకానిక్కుని పిలిపించేది. మంగళవారం స్కూటరు గుర్రంలా పరుగెత్తేది.

"చూశావా నా హస్తవాసి!" అనేవారు. పదేళ్లుగా ఆమె తలూపుతూనే ఉంది.

ఆ కీర్తి విని ఒక ఆదివారం ఆమె తమ్ముడు కారు తెచ్చాడు. "కాస్త గరగరమంటోంది బావా. రేపు తెల్లారే ఇంటర్వ్యూకి దీన్లోనే వెళ్లాలి."

మధ్యాహ్నానికి కారు సగం షెడ్డు నేలమీద ఉంది. బావగారు భోంచేసి కునుకు తీస్తున్నారు. సోమవారం దాకా ఆగితే తమ్ముడి ఉద్యోగం గోవిందా. ఆమె మెకానిక్కుకి ఫోను చేసింది.

"ఇవాళ కుదరదక్కా, ఇంట్లో కుళాయి నేనే బాగుచేస్తున్నా. పొద్దుట్నుంచీ నీళ్లు ఆగట్లేదు."

ఆమె క్షణం ఆలోచించింది. "ఫోను మీ ఆవిడకియ్యి."

"అరగంటలో మీ ఇంట్లో ఉంటాడక్కా," అంది మెకానిక్కు భార్య గొంతు తగ్గించి. "ఈయన గడప దాటితేనేగా నేను ప్లంబర్ని పిలిచేది!"