ఒక్క విజిల్‌కు ఆగిన సముద్రం

సముద్రాన్ని ఆపిన మహానుభావుల గురించి మీరు కథల్లో విని ఉంటారు. కోరుట్లలో అలాంటిదాన్ని ఒకదాన్ని నేనున్నాను. నాకు తపస్సు అక్కర్లేకపోయింది, వరమూ అక్కర్లేకపోయింది. మెడలో తాడుకు వేలాడే ప్లాస్టిక్ విజిల్, ఒంటి మీద సంత్ర పండు రంగు చొక్కా ప్యాంటు, అంతే. ఆ రోజు నా వల్ల ఎంతమంది తడి బట్టలతో గట్టెక్కి వణుకుతూ నన్ను చూశారో తలుచుకుంటే, ఇప్పటికీ అన్నం కలుపుతున్న చెయ్యి మధ్యలో ఆగిపోతుంది. పిల్లలు పడుకున్నారు కాబట్టి ధైర్యం చేసి రాస్తున్నాను. నవ్వుకోండి. కాకపోతే చిన్నగా నవ్వండి, మా చిన్నది లేస్తుంది.

రెండు వేసవుల కిందటి సంగతి. మా ఆయన శ్రీధర్ మస్కట్ నుంచి లీవు మీద వచ్చాడు. ఆయన పోయేనాటికి మా బిడ్డ ఆద్య ఉయ్యాలలో ఉంది. వచ్చేనాటికి మూడేళ్లది, ఇల్లంతా తనదే రాజ్యం. దాని లెక్కలో డాడీ అంటే ఫోన్‌లో ఉండే మనిషి. రోజూ మధ్యాహ్నం ఫోన్‌లోకి వస్తాడు, ముద్దు పెడతాడు, పోతాడు. అలాంటిది ఒక మీసాల మనిషి నిలువెత్తున గడపలో నిలబడి చేతులు చాపేసరికి, అది నా వెనక దాక్కుని అడిగింది:

"అమ్మా, గీ అంకుల్ ఎప్పుడు పోతడు?"

పాపం ఆయన తెచ్చిన చాక్లెట్లు తీసుకుంది. బొమ్మ తీసుకుంది. మనిషిని మాత్రం తీసుకోలేదు. మర్నాడు మధ్యాహ్నం నా ఫోన్ పట్టుకొచ్చి, "డాడీకి ఫోన్ చెయ్యి" అని ఏడుపు. డాడీ ఎదురుగానే మంచం మీద కూర్చుని ఉన్నాడు! ఏం చేస్తాం? ఆయన లేచి లోపలి గదిలోకి పోయాడు. నేను వీడియో కాల్ చేశాను. గోడకు అటు తండ్రి, ఇటు కూతురు. ఫోన్‌కు ముద్దుల మీద ముద్దులు. కాల్ పెట్టేసి ఆయన నవ్వుకుంటూ బయటికొచ్చాడో లేదో, ఇది మళ్లీ నా వెనక్కి.

ఆయన పైకి నవ్వేవాడు. కానీ రాత్రి అన్నం సగమే తినేవాడు. లీవు చూస్తుండగానే కరిగిపోతోంది.

అప్పుడే మా పెద్దోడు విహాన్ వాటర్ పార్క్ పాట ఎత్తుకున్నాడు. వాడి క్లాసులో ఎవరో వెళ్లొచ్చారట. మా ఆయన కళ్లు మెరిశాయి.

"లావణ్యా, నీళ్లల్ల దింపితే పిల్లలు దగ్గరున్నోళ్లను గట్టిగ పట్టుకుంటరు. నేనే దగ్గరుంట. ఎట్ల పట్టుకోదో చూస్త."

ఆలోచన బంగారం. చిక్కల్లా నాతోనే. బాత్రూమ్‌లో బకెట్ నిండుగా ఉంటే పక్కనే స్టూలు వేసుకుని కాపలా కూర్చునే రకాన్ని నేను. అలాంటిదాన్ని పార్క్ ఎంచమన్నారు.

మాకు దొరికినవి రెండు. ఒకటి కరీంనగర్ వైపు చిన్న పార్క్. ఇంకోటి హైదరాబాద్ పొలిమేరల్లో పెద్దది, అలల కొలను ఉన్నది. జగిత్యాలలో డిగ్రీ చదివినప్పుడు పరీక్షలకు కూడా నేను అంత చదవలేదు. చూసిన వీడియోలే చూసి చూసి ఫోన్ పెనంలా కాలింది. చివరికి రెండింటికీ ఫోన్ చేశాను. ముందు చిన్నదానికి.

"హలో, మీ దగ్గర లోతు ఎంతుంటది?"

"మోకాలు దాక, మేడం."

"ఎవరి మోకాలు?"

"మా ఓనర్ మోకాలనుకోండి, మేడం."

"మీ ఓనర్ ఎత్తెంత?"

ఫోన్ కట్ అయింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. బాధ్యత లేని మనుషులు అనుకున్నాను.

పెద్ద పార్క్ అమ్మాయి మాత్రం తేనె పోసినట్టు మాట్లాడింది. "ప్రతి పూల్ దగ్గర లైఫ్‌గార్డ్స్ ఉంటరు, మేడం. వాళ్లు విజిల్ కొడితే ఎంతటోళ్లయినా బయటికి రావాల్సిందే."

ఎంతటోళ్లయినా! నేను ఆ విజిల్‌తో ప్రేమలో పడిపోయాను. ఆ క్షణంలోనే పెద్ద పార్క్ ఖాయం.

"ఒకటే రూల్, మేడం. నైలాన్ గానీ పాలిస్టర్ గానీ ఏసుకోవాలె. కాటన్ నడవదు. లేకుంటే మా దగ్గర కిరాయికి దొరుకుతయి."

కిరాయి మాట చెవిన పడగానే మా అత్తమ్మ బీడీల చాట పక్కన పెట్టింది. "ఊరోళ్లందరు తొడిగి ఇడిసిన బట్టలా? నేను రాను. మీరే పోండ్రి."

ఇక్కడే నా తెలివి పనికొచ్చింది. సిరిసిల్లలో మా చిన్నమ్మ వాళ్లింట్లో సాంచెలు, అంటే మరమగ్గాలు, పొద్దస్తమానం గడగడలాడుతూనే ఉంటాయి. గుడ్డ అక్కడే, కుట్టేవాళ్లు అక్కడే. ఫోన్ చేసి కొలతలు చెప్పి, ఒక షరతు పెట్టాను. అందరికీ ఒకే రంగు. గుంపులో తప్పిపోయినా దూరం నుంచి కనిపించాలి.

"నీ నసీబు మంచిగున్నది బిడ్డా!" అంది చిన్నమ్మ. "సంత్ర రంగు పాలిస్టర్ మస్తు మిగిలింది. ఎవలో పెద్ద ఆర్డర్ ఇచ్చిన్రు, అందుల మిగిలిన గుడ్డ. ఉడకబెట్టినా రంగు పోదు."

ఎవరి ఆర్డర్ చిన్నమ్మా, అని నేను అడగలేదు. చూశారా? ముక్కూ ముఖం తెలియని ఓనర్ మోకాలి ఎత్తు అడిగినదాన్ని, ఆ ఒక్క ప్రశ్న అడగలేదు.

ఇక విజిల్. వాళ్ల విజిల్ వాళ్లకుంటుంది, తల్లికి సొంతంగా ఒకటి ఉండొద్దా? జగిత్యాల వెళ్లి ఆటసామాన్ల దుకాణంలో అన్నిటికన్నా గట్టిది అడిగాను. అక్కడే ఊది చూశాను. ఎదురుగా పోతున్న ఆటో అతను సడన్ బ్రేక్ వేశాడు. ఇదే కావాలన్నాను. ఇంటికొచ్చి పిల్లలకు ట్రైనింగ్ ఇచ్చాను. విజిల్ వినపడితే ఎక్కడున్నా అమ్మ దగ్గరికి పరిగెత్తుకు రావాలి. విహాన్ వచ్చాడు. ఆద్య వచ్చింది. పెరట్లోంచి బట్టల సబ్బు చేతిలోనే పట్టుకుని అత్తమ్మ కూడా వచ్చింది.

బయలుదేరిన రోజు రుద్రంగి మీదుగా తెల్లారేసరికి సిరిసిల్ల చేరాం. చిన్నమ్మ చాయ్ ఇచ్చి మూట విప్పింది. ఇల్లంతా సూర్యుడు దిగినట్టు అయింది. ఐదు జతలు, పెద్దదాని నుంచి చిన్నదాని దాకా, కాలర్‌తో సహా. మా ఆయన తన చొక్కా ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు.

"లావణ్యా. మస్కట్‌ల నా డ్యూటీ బట్టలు ఏ రంగో ఎరుకేనా?"

"ఏ రంగు?"

"గీ రంగే. ఎండల నిలబడి రోజూ నీకు ఫోన్ చేసేది గివి తొడుక్కునే గదా. లీవుకచ్చినా నాకు ఇదేనా?"

నేనెప్పుడూ ముఖమే చూసేదాన్ని. సన్నబడ్డాడా, నిద్రపోయాడా అని. బట్టల రంగు ఎవరు చూస్తారు చెప్పండి?

"పోనీ తియ్యిరా, నీకు అలవాటైన బట్టలే గదా" అని అత్తమ్మ తీర్పు చెప్పేసింది.

పార్క్‌లో మగవాళ్లు ఒకవైపు, మేం ఒకవైపు పోయి బట్టలు మార్చుకున్నాం. డెబ్బై దగ్గరపడ్డ మా అత్తమ్మ జీవితంలో మొదటిసారి ప్యాంటు తొడుక్కుని, అద్దంలో చూసుకుని, ఎవరో కొత్తవాళ్లు అనుకుని పక్కకు జరిగి దారిచ్చింది.

బయటికి రాగానే మాకు ఎక్కడలేని మర్యాద మొదలైంది. ఒకావిడ నేరుగా అత్తమ్మ దగ్గరికొచ్చి అడిగింది: "అమ్మా, లాకర్లు ఎక్కడున్నయి?"

"నాకేమెరుక బిడ్డా? మాది కోరుట్ల."

"అయితే గీ బ్యాగు జర చూస్తుండు."

అత్తమ్మ కాదనే మనిషి కాదు. ఆ బ్యాగు చూసి ఇంకొకరు చెప్పులు పెట్టారు. చెప్పులు చూసి మరొకరు కళ్లద్దాలు పెట్టారు. ఇంతలో ఒక పెద్దాయన మా ఆయన భుజం తట్టి, "షవర్ల నీళ్లు అస్తలేవు, చూడు పో" అని గద్దించాడు. మా ఆయన అలవాటు కొద్దీ రెండడుగులు వేసి, ఆగి, నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. నేను మాత్రం పొంగిపోతున్నాను. ఎత్తు కుర్చీల మీద లైఫ్‌గార్డులు కనిపించారు. వాళ్లదీ సంత్ర రంగే! ఎంత మంచి రంగు ఎంచాను అనుకున్నాను. మీకు అర్థమైపోయింది కదా? నాకు కాలేదు.

ఎందుకంటే అప్పుడే ఆ కొలను కనిపించింది.

సముద్రం నేను చూడలేదు. అత్తమ్మా చూడలేదు. చివరి అంచు కనపడనంత నీలం. హారన్ మోగింది. ఎక్కడో లోపల ఏదో గుమ్మని కదిలింది. చదునుగా ఉన్న నీళ్లు ఊపిరి పీల్చుకున్నట్టు పైకి లేచాయి, లేచి నడిచొచ్చాయి. పిల్లా పెద్దా అందరూ ఒకేసారి తేలి, ఒకేసారి దిగి, ఒకేసారి కేక వేశారు. అత్తమ్మ చేతులు జోడించింది.

"చెయ్యి పెట్టకుంటనే నీళ్లు లేస్తున్నయి బిడ్డా! ఒక్క మోటరుకు పొలం తడుపుడే గొప్పనుకున్న. వీళ్లు సముద్రానికే స్విచ్చు పెట్టిన్రు!"

ఆ మోతకు ఆద్య నా మెడ చుట్టుకుని, ముఖం భుజంలో దాచేసుకుంది. ఎత్తుకుంటానని వచ్చిన తండ్రిని కాలితో తన్నింది, తల ఎత్తకుండానే. ఆయన విహాన్ చెయ్యి పట్టుకుని నీళ్లలోకి దిగిపోయాడు. ఆలోచన బంగారమే, పిల్ల నీళ్ల దాకా వస్తే కదా.

నేను గట్టున నిలబడి వాళ్లిద్దరి తలల మీదే చూపు పెట్టాను. ఒక అల వచ్చింది. రెండు తలలు. ఇంకో అల. రెండు తలలు. ఇంకోటి వచ్చి వెళ్లింది. ఒకటే తల.

విహాన్ లేడు.

మీకు తల్లి ఉంటే, లేదా మీరే తల్లి అయితే, తర్వాత ఏం జరిగిందో చెప్పక్కర్లేదు. విజిల్ నోట్లోకి ఎప్పుడొచ్చిందో తెలియదు. నా ఊపిరితిత్తుల్లో ఉన్నదంతా, మా పూర్వీకుల ఊపిరితిత్తుల్లో మిగిలిందంతా కలిపి ఊదాను.

అంతమంది తలలూ నా వైపు తిరిగాయి. వాళ్లకు కనిపించింది ఏమిటి? సంత్ర రంగు యూనిఫాం, మెడలో విజిల్, ముఖంలో ప్రళయం. అంతే. "బయటికి రండి! బయటికి!" అని ఎవరో అరిచారు. కుర్చీల మీది అసలు లైఫ్‌గార్డులు తమవాళ్లెవరో ఏదో చూశారనుకుని తామూ విజిళ్లు మొదలుపెట్టారు. పిల్లల్ని చంకనేసుకున్న తండ్రులు, చున్నీలు వెతుక్కునే అమ్మాయిలు, గాలి ట్యూబులతో సహా పెద్దవాళ్లు, మనుషుల వరద గట్టెక్కింది. అలల యంత్రం గుర్రుమని ఆగిపోయింది. నీళ్లు రెండుసార్లు ఊగి, పడుకున్నాయి.

అంత పెద్ద నిశ్శబ్దాన్ని నేను ఎప్పుడూ వినలేదు.

ఆ నిశ్శబ్దంలో నా ప్యాంటు ఎవరో లాగారు.

"అమ్మా, అచ్చిన" అన్నాడు విహాన్, చేతిలో ఎవరో ఇచ్చిన మొక్కజొన్న కంకితో. "విజిల్ కొట్టినవ్ గదా. నాన్నమ్మ దగ్గర చెప్పుల కాడ ఉన్న."

వీడు అల మధ్యలోంచి తండ్రి చెయ్యి విడిపించుకుని ఎప్పుడు జారుకున్నాడో, వీడికే తెలియాలి. వీడు దొరికాడని తెలియని మనిషి ఒక్కడే ఉన్నాడు. ఖాళీ కొలను నడుమ, నడుము లోతు నీళ్లలో, నా విజిల్‌కు అర్థం తెలిసిన ఒకే ఒక్కడు, "విహాన్! విహాన్!" అని చుట్టూ వెతుకుతున్నాడు.

మోత ఆగేసరికి నా భుజం మీది తల నెమ్మదిగా లేచింది. ఆద్య చూసింది. వెనకంతా నీలం. ఆ నీలంలో సంత్ర రంగు కాలర్, పైన ఎండలో చెమర్చిన ముఖం. అది రోజూ మధ్యాహ్నం ఫోన్‌లో చూసే బొమ్మ, అచ్చం అదే, కాకపోతే అరచేతిలో పట్టనంత పెద్దది.

"అమ్మా!" అంది ఊపిరాడనట్టు. "డాడీ ఫోన్లకెళ్లి బయటికచ్చిండు!"

నా చేతుల్లోంచి ఎట్లా జారిందో తెలియదు. పాదాలు తడిసేంత నీళ్లలో చిందులేస్తూ "డాడీ! డాడీ!" అని పరుగు. బకెట్‌కు భయపడే నేను వెనకాలే నీళ్లలోకి పరుగు. ఆయన తిరిగి చూశాడు. నాకు మోకాలు లోతు రాకముందే దాన్ని ఎత్తుకున్నాడు. అది ఆయన కాలర్ పట్టుకుని చూసింది, మీసం లాగి చూసింది, నిజమేనని తేలాక మెడ చుట్టేసుకుంది. ఆయన ముఖం మీద ఉన్నవి కొలను నీళ్లే అని ఆయన ఇప్పటికీ అంటాడు. గట్టు మీద జనం, ఎవరో పిల్ల ప్రాణాలు దక్కాయనుకుని, చప్పట్లు కొట్టారు.

అప్పుడు సూపర్‌వైజర్ వచ్చాడు.

"మేడం, మీరు ఏ బ్యాచ్? మిమ్మల్ని ఎవలు పంపిన్రు?"

"మమ్మల్ని ఎవలు పంపుతరు కొడుకా?" అంది అత్తమ్మ, నలభై ఇళ్ల చెప్పుల మధ్య నుంచి. "టికెట్ కొనుక్కొని మేమే అచ్చినం."

ఆయన నా చొక్కా చేతి అంచు చూశాడు, తన చొక్కా చూసుకున్నాడు. "గీ గుడ్డ ఎక్కడిది?"

"సిరిసిల్లది."

"మాది కూడ సిరిసిల్లకే ఆర్డర్ ఇచ్చినం, మేడం" అన్నాడు నీరసంగా. తర్వాత అరచెయ్యి చాపాడు. "విజిల్."

ఇచ్చేశాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, గొంతు తగ్గించి అడిగాడు: "మావోళ్లు ఎంత కొట్టినా ఇంత జల్ది ఎవ్వలు బయటికి రారు. ఎట్ల కొట్టిన్రు?"

"భయంతోటి" అన్నాను.

మా ఆయన వచ్చే వారం మళ్లీ లీవు మీద వస్తున్నాడు. ఆద్యకు ఇప్పుడు ఐదేళ్లు, అన్నీ తెలుసు. అయినా ఆ సంత్ర చొక్కా తీసి, తనే మడతపెట్టి, తండ్రి మంచం మీద సిద్ధంగా ఉంచింది. తండ్రీ కూతుళ్లిద్దరూ మళ్లీ నీళ్లకే పోదామంటున్నారు.

కాబట్టి ఈ రాత్రి, నిద్రపోతున్న నా ఇద్దరు పిల్లల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్లీ విజిల్ ముట్టను. ఎవరి ఆర్డరో అడగకుండా గజం గుడ్డ కొనను. సముద్రాల జోలికి పోను. ఈసారి కరీంనగర్ వైపు చిన్న పార్క్‌కే, మోకాలు లోతులోనే.

ఓనర్ ఎత్తు ఒక్కటి తెలియాలి. వాళ్లు నా నంబర్ బ్లాక్ చేసినట్టున్నారు. రేపు అత్తమ్మ ఫోన్ నుంచి చేస్తాను.