దానిమ్మకాయకు తగ్గిన ఒక ఆకు

2023, వానాకాలం మొదలు. గద్వాలలో మా చీరల దుకాణానికి హైదరాబాద్ నుంచి ఒక డిజైనర్ వచ్చింది. ఫోన్‌లో ఒక ఇటలీ చిత్రపటం చూపించింది. రినైసాన్స్ కాలానిదట, ఐదు వందల ఏళ్ల నాటిది. అందులో దొరసాని తొడుక్కున్న జరీ బట్ట మీద దానిమ్మకాయల వరుస. అదే వరుసను మా పట్టు అంచులాగా నేయిస్తే ఖరీదైన కోట్లు కుట్టిస్తానంది. నేను కాయల కంటే ముందు దొరసాని మెడలో నగలు చూసి, ధర పెంచి చెప్పాను. ఆమె సరేనంది.

అక్కడే నాకు అనుమానం పుట్టింది. బేరమాడని గిరాకీ కొనడానికి రాలేదనేవాడు మా నాయన. పైగా ఆమె కౌంటర్ మీది చీర అంచును తిరగేసి, వెనుక వైపు ఫోటోలు తీసుకుంది. వెనుక చూసేది ఇద్దరే: నేసేవాళ్లు, నకలు కొట్టేవాళ్లు. ఈమె చేతులు చూస్తే నేసేవి కావు.

ముందు స్వాచ్ కావాలంది. అంటే జానెడు నమూనా గుడ్డ. దాన్ని పట్టుకుపోయి పవర్‌లూమ్ మీద తానులకు తానులు దింపుతుందని నేను ఖాయం చేసుకున్నాను.

మా దగ్గర ఇరవై ఏళ్లుగా నేస్తున్న జమ్మన్నకు అప్పటికి రెండు నెలలుగా మగ్గం ఖాళీ. ఈ ఆర్డర్ రాకుంటే మగ్గం విప్పేసి హైదరాబాద్‌కు వాచ్‌మన్ పనికి పోతానన్నాడు. అతని మగ్గానికి జకార్డ్ ఉంది. రంధ్రాలు కొట్టిన అట్టలను బట్టి పోగులు లేచి పువ్వు పడే సరంజామా అది. ప్రతి మూడో కాయకు ఒక ఆకు పడకుండా రంధ్రాలు మూయమన్నాను. రేపు బజార్లో ఆకు తగ్గిన కాయ కనబడితే దొంగ దొరికినట్టే.

“సేటూ, ఆకు లేకుంటే నీ పేరు ఎవరడుగుతరు? నేసినోడు ఎవడని అడుగుతరు,” అన్నాడు జమ్మన్న. నా తెలివికి నేనే మురిసిపోతున్నాను, ఇక వింటానా?

స్వాచ్ పంపిన పది రోజులకు ఆమె మళ్లీ వచ్చింది. పెద్దగా అచ్చేయించిన పటం పక్కన గుడ్డను పరిచి, భూతద్దం పెట్టి చూసింది. జమ్మన్న గడప దగ్గర నిలబడ్డాడు.

“పని బాగుంది. కానీ మూడో కాయకు ఆకు లేదు. నేసినాయనకు చూపు ఆనుతోందా అండీ? వేరేవాళ్లు ఎవరైనా ఉన్నారా?”

జమ్మన్న నా వైపు చూశాడు. నేను నోరు మూసుకుంటే దుకాణం పరువు నిలుస్తుంది, అతని మగ్గం పోతుంది.

“ఆయన కళ్లకేం గాలేదమ్మా,” అన్నాను జమ్మన్నను చూపిస్తూ. “ఆ ఆకు నేనే తీయించిన. మీరు నకలు కొడ్తరేమోనని.”

ఆమె భూతద్దం పక్కన పెట్టి గుడ్డను తిరగేసింది. గుండీలు విప్పితే కోటు లోపలి వైపు కూడా కనబడుతుందని, అందుకే అంచు వెనుక పని ఎంత శుభ్రంగా ఉందో చూశానని చెప్పింది. తర్వాత నన్ను వదిలేసి జమ్మన్న వైపు తిరిగి, ఎన్ని రోజులు పడుతుందని అడిగింది. ఆర్డర్ ఇచ్చింది. ఇకపై నమూనాలు మాత్రం ఆయన చేతి నుంచే తీసుకుంటానంది.

బేరమాడనివాళ్ల మీద నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. కానీ దొంగ కోసం పెట్టే గుర్తు ముందుగా ఎవరి మీద పడుతుందో చూసుకోవాలని ఆ రోజు తెలిసింది. నేను మరిచినా జమ్మన్న మరవనివ్వడు. కొత్త నమూనా ఎక్కించే ముందల్లా అడుగుతాడు:

“సేటూ, ఆకులన్నీ వెయ్యాల్నా, ఒకటి నువ్వు దాసుకుంటవా?”