పిల్లమ్మ బాడుగ ఇల్లు

పాలకోడు దగ్గర పల్లెలో గొర్రెలు కాచుకొని బతికిన పిల్లమ్మకు, మొగుడికి క్షయ అని తేలిన ఏడు అరవనాటి ధర్మపురికి కాపురం మార్చక తప్పలేదు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న కాలం. బియ్యం, కిరసనాయిలు రెండూ కరువే. మొగుడు సిద్దప్పకు వారం వారం పట్నం ఆసుపత్రిలో సూది వేయించాలన్నారు. బస్సు కుదుపులకు అతను దగ్గి దగ్గి సొమ్మసిల్లేవాడు. మందను మరిదికి అప్పజెప్పి, నాలుగు సత్తు గిన్నెలు, ఒక చాప మూటగట్టుకొని ఆమె పట్నం చేరింది.

బజారు వెనక సందులో మొదటి ఇల్లు దొరికింది. మొగుడికి ఏం జబ్బని ఇంటాయన అడిగితే ఉబ్బసమని చెప్పింది. నెల తిరక్కముందే నిజం బయటపడింది. చింతపండు మండీలో గింజలు తీసే కూలికి పోయి వచ్చేసరికి గిన్నెలు వీధిలో ఉన్నాయి. వాటి పక్కనే సిద్దప్ప తలకు తువ్వాలు కప్పుకొని ఎండలో కూర్చున్నాడు. ముందుగా తీసుకున్న బాడుగ ఇంటాయన తిరిగివ్వలేదు. ఆమె అడగనూ లేదు. అబద్ధమాడింది తానే కదా అనుకుంది.

మొగుణ్ణి సత్రం అరుగు మీద పడుకోబెట్టి వీధి వీధీ తిరిగింది. ఈసారి గడప దగ్గరే నిజం చెప్పింది. కొందరు మాట పూర్తికాకముందే తలుపు వేసుకున్నారు. ఒకామె జాలిపడి మజ్జిగ ఇచ్చింది గాని, ఇల్లు మాత్రం లేదంది.

చివరికి మండీలో తోటి కూలి మారియమ్మ ఆమెను వెంకటలక్ష్మమ్మ ఇంటికి పంపింది. వెంకటలక్ష్మమ్మ బట్టల వర్తకుడి భార్య, మొగుడు పోయి చాలాకాలమైంది, పిల్లలు లేరు. పెరట్లోని ఒంటి గది మీద వచ్చే బాడుగతోనే ఆవిడ పొయ్యి వెలిగేది. పిల్లమ్మ అరవంలో మొదలుపెడితే, ఆవిడ తెలుగులో అడిగింది.

"దగ్గితే నెత్తురు పడతాదా?"

"పడతాదమ్మా. దాచను. దాచి ఒకచోట వీధిలో పడినాము."

వెంకటలక్ష్మమ్మ ఆమెను పెరట్లోకి తీసుకుపోయి గది చూపింది. తర్వాత తన షరతులు చెప్పింది. బావి తాడు ముట్టకూడదు, నీళ్లు తానే తోడి పోస్తుంది. అతను ఉమ్మే చిప్పలోని బూడిద ఊరి బయట పూడ్చాలి. బాడుగ దమ్మిడీ తగ్గదు, నెల మొదట్లోనే ఇవ్వాలి. పిల్లమ్మ అన్నిటికీ ఒప్పుకుంది.

ఆ బాడుగ కోసం పగలంతా చింతపండుతో కూర్చుంటే పులుపుకు వేళ్లు పగిలేవి. సాయంత్రం ఇళ్లకు పోయి రాగులు విసిరేది. అదీ చాలక మరిది ఒక్కొక్క గొర్రెనూ అమ్మి పంపాడు. మంద కరిగిపోయింది. తాను ఒంటిపూట తిన్నది గాని బాడుగ ఒక్కనాడూ ఆలస్యం చేయలేదు. పొద్దుటెండ మోకాళ్ల మీద పడేలా కిటికీ దగ్గర కూర్చొని, గొర్రెలు ఎట్లున్నాయని సిద్దప్ప అడిగేవాడు. బాగున్నాయనే చెప్పేది.

పుష్యమాసపు చలిలో అతనికి మాట పడిపోయింది. ఇరుగుపొరుగు వచ్చి గొణిగారు. నక్షత్రం మంచిది కాదట, ఇంట్లో ప్రాణం పోతే ఆ గది ఆర్నెల్లు మూయాలట, ఊపిరి ఉండగానే బయటికి తీసుకుపోవడం మేలట. బాడుగకుండేవాళ్లకు అది మామూలే. పిల్లమ్మ పోయి బండి మాట్లాడుకొని వచ్చింది. మూట కడుతుంటే వెంకటలక్ష్మమ్మ గదిలోకి వచ్చింది. సిద్దప్ప వచ్చిన నాటి నుంచి అంతవరకూ ఆవిడ ఆ గడప దాటలేదు.

"ఎక్కడికి తీసకపోతావు పిల్లమ్మా?"

"సత్రం కాడికమ్మా. నీ ఇంటికి కీడెందుకు?"

"ఈ నెల బాడుగ ఇచ్చినావు. నెలంతా ఇది నీ ఇల్లే. నీ మొగుడు నీ ఇంట్లోనే పోనీ."

పిల్లమ్మ మూట మీదే కూలబడి, పట్నం వచ్చాక మొదటిసారి ఏడ్చింది. వెంకటలక్ష్మమ్మే వీధిలోకి పోయి బండివాణ్ణి పంపేసింది.

మరునాడు మధ్యాహ్నం పెళ్లాం ఒడిలో తల పెట్టుకొని సిద్దప్ప పోయాడు. పాడె పెరటి దారిన కాక ముందు వాకిలి గుండానే కదిలింది.

ఆచారం తప్పకుండా వెంకటలక్ష్మమ్మ గదికి తాళం వేసి, ముళ్లకంప అడ్డం పెట్టింది. ఆ ఆర్నెల్లూ ఆవిడకు బాడుగ రాలేదు. పిల్లమ్మ ఆవిడ వసారాలో పడుకొని, తన కూలి డబ్బులతో ఇద్దరికీ సంగటి కెలికింది. గడువు తీరాక గోడలకు సున్నం కొట్టి, మళ్లీ అదే బాడుగకు అదే గదిలో దిగింది.

పల్లెకు వచ్చేయమని మరిది పిలవడానికి వచ్చాడు. ఆమె అతనికి అన్నం పెట్టి, రానని చెప్పి, మండీకి వేళయిందని లేచింది.