పన్నెండు టన్నుల నమ్మకం

నిరుడు ఓటు ఎవరికి వెయ్యాలో మా పెంటయ్య మావ క్యూలో నిలబడ్డాకే తేల్చుకున్నాడు. పైపులు వంచే మెషీన్ ఎంచుకోవడానికి మాత్రం మూడు శనివారాలు మొబేని ఫ్యాక్టరీల పేటలో షాపుల చుట్టూ తిరిగాడు. ఫ్యాక్టరీ పని పోయాక మా ఊరు ఉమ్‌కోమాస్‌లో ఇంటి గ్యారేజీనే వర్క్‌షాపు చేసుకున్నాడు. మొదటి పని గుడి మెట్లకు రెయిలింగ్. అది బాగుంటేనే ఇంకెవరైనా పిలుస్తారు.

"వంచేది మందం పైపా, పల్చటి ట్యూబా?" అని షాపువాడు అడిగాడు.

"ఇనుము," అన్నాడు మావ. "ఏది ఎక్కువ బరువో అది ఇయ్యి."

గుడివాళ్లిచ్చింది పల్చటి ట్యూబు. గ్యారేజీలోకి మోసింది నేనే. అయినా మావ వెనక నిలబడి నా చెప్పులు చూసుకున్నాను.

పన్నెండు టన్నుల బలంతో నొక్కే హైడ్రాలిక్ మెషీన్ ఇంటికొచ్చింది. అనసూయత్త దానికి బొట్టు పెట్టింది. మొదటి ట్యూబు వంపు దగ్గర తొక్కిన అరటిపండులా చదునైంది. రెండోదీ అంతే.

"ట్యూబు చెడ్డది," అన్నాడు మావ.

"యా, మెషీన్ మంచిది, మొగుడు ఇంకా మంచోడు," అంది అత్త.

రెయిలింగ్‌కు ఒక్క ట్యూబు చాలు. గుడివాళ్లు మూడిచ్చారు. మావ సంగతి వాళ్లకు ముందే తెలుసు.

"మావా, ఇసక పోసి చూద్దామా?" అన్నాను.

మూడో ట్యూబులో ఎండిన ఇసుక కూరి, రెండు చివర్లా చెక్క బిరడాలు కొట్టాం. పాత లారీ రిమ్ము చుట్టూ ముగ్గురం కలిసి లాగాం. ఎక్కడా నొక్కుపడకుండా వంగింది.

ఆదివారం గుడి మెట్ల దగ్గర అందరూ రెయిలింగ్ నిమిరి చూశారు.

"హైడ్రాలిక్," అన్నాడు మావ. "ట్వెల్వ్ టన్."

మరో రెండు పనులు వచ్చాయి. సోమవారం పొద్దున్నే పెరట్లో ఇసుక ఎండబోశాను.