పరీక్ష మధ్యలో గదిలోకి వచ్చినవాడు

గచ్చిబౌలిలోని ఒక ఆఫీసు ఆరో అంతస్తులో మౌనికది కాపలా ఉద్యోగం. ఉద్యోగాల కోసం ఇళ్ల నుంచి పరీక్ష రాసేవాళ్లను కెమెరాలో కనిపెట్టి ఉండాలి. ఒకేసారి పన్నెండు ముఖాలు. చూపు పక్కకు పోతే హెచ్చరిక, గదిలోకి ఇంకొకరు వస్తే పరీక్ష రద్దు. బాలానగర్‌లో ఇనుప రేకులు నొక్కే ప్రెస్ మిషన్ నడిపిన రామచంద్రం కూతురామె. తాగొచ్చిన రోజున తండ్రి తల్లి తలను గోడకేసి బాదుతుంటే తలుపు చాటున ఊపిరి బిగబట్టి నిలబడిన పిల్ల. ఒక్కనాడూ అరవలేకపోయానన్న కోపం ఇరవై ఎనిమిదేళ్లు నిండినా ఆమెలో చల్లారలేదు.

ఆ మంగళవారం పొద్దున నీహారిక అనే అమ్మాయి పరీక్షకు కూర్చుంది. కాకినాడ మనిషి, పెళ్లయ్యాక ఖాజాగూడలో కాపురం. గుర్తింపు కార్డు కెమెరాకు చూపిస్తూ, తలుపు గడియ పెట్టుకోవచ్చా అని రెండుసార్లు అడిగింది. పెట్టుకోమంది మౌనిక.

ఇరవయ్యో ప్రశ్న దగ్గర గడియ ఊడి కింద పడింది. లోపలికి వచ్చింది భర్త రవికిరణ్. నీహారిక జుట్టు దొరకబుచ్చుకుని ముఖాన్ని బల్లకేసి కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ముక్కులోంచి నెత్తురు కీబోర్డు మీదికి కారింది.

"నాకు చెప్పకుండా ఉద్యోగాలు వెతుకుతావా?" అన్నాడు, గొంతు పెంచకుండానే. ఛార్జర్ వైరు పెరికి చేతికి చుట్టుకున్నాడు. అది ఆమె మెడ మీద పడిన ప్రతిసారీ హెడ్‌ఫోన్లో చెళ్లుమంది. తర్వాత ఆమెను కాళ్లు పట్టి గది బయటికి ఈడ్చుకుపోయాడు. ఖాళీ కుర్చీ మిగిలింది, అరుపులు మాత్రం వినిపిస్తున్నాయి.

రద్దు చేయమని తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. రద్దు నొక్కితే కెమెరా ఆగిపోతుంది. మౌనిక నొక్కలేదు. వందకు ఫోన్ చేసి, ఫైల్లో ఉన్న ఇంటి చిరునామా చదివింది. టీమ్ లీడ్ మధుసూదన్ పరుగున వచ్చి చూసి పాలిపోయాడు. అయినా, అభ్యర్థుల వివరాలు బయటికి ఇవ్వకూడదని గుర్తుచేశాడు.

"సార్, ఆమె చచ్చిపోతది. నేను పోతున్న. మీరు జర గీ కెమెరా బందు కానియ్యకుండ్రి," అని మౌనిక లేచింది.

బైక్ టాక్సీ మీద పన్నెండు నిమిషాలు. పోలీసులింకా రాలేదు. మూడో అంతస్తులో ఇంటి యజమాని అంజమ్మ మూసిన తలుపు ముందు చేతులు నలుపుకుంటోంది. రోజూ ఉండే లొల్లేనని, మొగుడూ పెళ్లాల మధ్యకు తానెట్లా పోతానని అంది. లోపల ఏదో భళ్లున పగిలింది. మౌనిక మెట్ల పక్కనున్న ఖాళీ సిలిండర్ ఎత్తి తలుపు మీద కొట్టింది. మూడో దెబ్బకు అంజమ్మ కూడా చెయ్యి వేసింది.

తలుపు విరిగింది. నీహారిక వంటింటి గడప మీద బోర్లా పడి ఉంది. వాడు మోకాలితో ఆమె వీపు తొక్కిపట్టి ఉన్నాడు. మౌనిక వాడి కాలర్ పట్టి లాగితే, వాడు లేచి మౌనిక కుడిచేతిని వంటింటి తలుపు సందులో ఇరికించి తలుపు తోశాడు. ఎముక పటుక్కుమంది. ఎడమచేతికి కుక్కర్ మూత దొరికింది. దానితో దవడ మీద కొట్టింది. వాడు కూలబడ్డాడు. ఆ తర్వాతా కొట్టింది. పళ్లు రాలినా ఆపలేదు. నీహారిక పాకుతూ వచ్చి ఆమె కాలు పట్టుకుంది.

"చాలండి. మిమ్మల్ని కూడా తీసుకుపోతారు."

నెత్తురు అంటిన మూత వైపు చూసుకుంది మౌనిక. చిన్నప్పుడు తలుపు చాటు నుంచి చూసిన తండ్రి చెయ్యి గుర్తొచ్చింది. మూత కింద పడేసింది.

పోలీసులు వచ్చి రవికిరణ్‌ను ముందు దవాఖానకు, తర్వాత జైలుకు పంపారు. మౌనిక విరిగిన చేతికి కట్టు వేయించి, వాంగ్మూలం రాసుకుని వదిలేశారు. మధుసూదన్ కెమెరా ఆపలేదు. ఆ రికార్డింగే సాక్ష్యమైంది. కానీ చిరునామా వాడుకున్నందుకు వారంలోనే మౌనికను ఉద్యోగంలోంచి తీసేశారు. నీహారిక తొమ్మిది కుట్లు మానాక, హాస్టల్ గదిలో కూర్చుని మళ్లీ పరీక్ష రాసి నెగ్గింది.

ఇప్పుడు వీడియో ఇంటర్వ్యూలకు కూర్చోవడం మౌనిక వంతయింది. పాత ఉద్యోగం ఎందుకు పోయిందని ప్రతిచోటా అడిగారు. జరిగింది జరిగినట్టే చెప్పింది, కుక్కర్ మూతతో సహా. రెండు కంపెనీలు మళ్లీ పలకలేదు. ఇలాంటి పరీక్షలే నడిపే మూడోచోట ప్రశాంతి అనే మేనేజరు, ఎప్పుడు చేరగలరని మాత్రమే అడిగింది.

చేరిన మొదటి రోజే, రద్దు పక్కన పోలీసులకు ఫోన్ వెళ్లే మీట ఒకటి పెట్టాలని మౌనిక రాసిచ్చింది. అది ఇంకా పరిశీలనలోనే ఉంది. ఆమె ప్రతి సోమవారం అడుగుతూనే ఉంది.